రెండో గది అద్దె

యూసుఫ్‌గూడలోనో బోరబండలోనో టు లెట్ బోర్డు చూసి గేటు తడితే ముందు వచ్చే ప్రశ్న "ఫ్యామిలీయేనా?" అని. ఆ తర్వాతే అద్దె, అడ్వాన్సు సంగతి. ఇద్దరు అమ్మాయిలు కలిసి వెళ్తే "మీరిద్దరూ ఏమవుతారమ్మా?" అని కూడా అడుగుతారు. ప్రేమించుకుని, కలిసి బతకాలనుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ గేటు దగ్గర నిజం చెప్పలేరు. పిన్ని కూతురనో, ఆఫీసు ఫ్రెండనో చెప్పి తాళంచెవి తీసుకుంటారు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నెలనెలా డబ్బు కట్టాలి. సింగిల్ బెడ్‌రూమ్ చాలే జంట డబుల్ బెడ్‌రూమ్ తీసుకుంటుంది. రెండో గదిలో ఒక మంచం వేస్తారు. దానిమీద ఉతికిన దుప్పటి, దిండు పక్కన ఫోన్ చార్జరు, తలుపు వెనక కొక్కేనికి నాలుగు జతల బట్టలు. ఊరి నుంచి అమ్మ వచ్చినా, కారే కుళాయి చూడ్డానికి ఓనరు ఆంటీ వచ్చినా ఎవరి గది వాళ్ళదన్నట్టు కనబడాలి. ఎవరూ పడుకోని ఆ మంచానికి ఏడాది పొడుగునా అద్దె కట్టుకుంటూ పోతారు.

ఏమీ అడగని ఇళ్ళూ హైదరాబాద్‌లో ఉన్నాయి. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో ఓనరు అమెరికాలో ఉంటాడు, మాటలన్నీ బ్రోకరుతోనే, పక్క ఫ్లాట్లో ఎవరున్నారో ఎవరికీ పట్టదు. సాఫ్ట్‌వేర్ జీతమున్న గే జంట ఆ ప్రశాంతత కొనుక్కోగలదు. బట్టల షాపులో సేల్స్‌లో ఉన్న కుర్రాడు కొనుక్కోలేడు. శ్రీకాకుళం నుంచి వచ్చి నైట్ డ్యూటీలు చేసే నర్సమ్మాయి కొనుక్కోలేదు. వాళ్ళ జీతానికి దొరికేది ఓనరు కింద వాటాలో కాపురముండే ఇల్లు. అందరికీ ఒకటే మెట్లు, ఒకటే నీళ్ళ మోటారు. ఎవరొచ్చారు, రాత్రికి ఉన్నారా, వెళ్ళిపోయారా, అన్నీ కిందికి తెలిసిపోతాయి. అద్దె తగ్గేకొద్దీ ఆరా పెరుగుతుంది. ఈ కష్టంలో అన్నిటికన్నా అన్యాయం ఇదేనని నాకనిపిస్తుంది: భయం లేకుండా నిద్రపోవడం కూడా జీతాన్ని బట్టే.

ట్రాన్స్‌జెండర్ల పరిస్థితి ఇంకా కష్టం. కొత్తగా నగరానికొచ్చినవాళ్ళకు అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్ళే చౌక. అక్కడ బోర్డులు రెండే రకాలు, మెన్స్, లేడీస్. ఆధార్‌లో పాత పేరున్న ట్రాన్స్ మహిళకు ఏ హాస్టల్లో మంచమిస్తారు? ఇల్లు దొరికినా అగ్రిమెంటు రాసివ్వరు. అగ్రిమెంటు లేకపోతే కొత్త చిరునామాకు కాగితం లేదు. చాలామంది చివరికి హిజ్రా గురువు ఇంటి నీడకే చేరతారు. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకు ఆ ఇళ్ళు అన్నం పెట్టాయి, ఆ రుణం తక్కువది కాదు. కానీ చదువుకుని ఉద్యోగం చేసుకుందామనుకునే పిల్లకు వేరే దారి కూడా ఉండాలి కదా.

ఈ నగరం ఒకప్పుడు హిజ్రాల చిరునామాలు వేరే పనికి రాసుకుంది. నిజాం కాలంలో, 1919లో తెచ్చిన యూనక్స్ చట్టం ప్రకారం అనుమానం పేరుతో వాళ్ళ పేర్లు, వాళ్ళుండే చోట్లు రిజిస్టర్లోకి ఎక్కించేవారు. రిజిస్టర్లో ఉన్నవాళ్ళు ఆడ బట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో.

చట్టం ఇప్పుడు వాళ్ళ పక్షానే ఉంది, కొంతవరకు. 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం ఇల్లు అద్దెకివ్వడంలో, అమ్మడంలో వివక్ష చూపకూడదంది. ఇంట్లోంచి, ఊర్లోంచి వెళ్ళగొడితే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు. నిలువ నీడలేనివాళ్ళ కోసం కేంద్రం గరిమా గృహాలు పెట్టింది. గే, లెస్బియన్ జంటలకు అద్దె విషయంలో అలా పేరుపెట్టి రాసిన రక్షణ లేదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 నుంచి 2018లో సుప్రీంకోర్టు విముక్తి ఇచ్చింది గానీ, 2023లో వాళ్ళ పెళ్ళికి గుర్తింపు ఇవ్వలేదు. ఆ పెళ్ళి కేసు వేసిన జంటల్లో ఒకటి హైదరాబాద్‌దే. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరు యువతులు కలిసి బతకొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడొద్దని చెప్పింది. తీర్పు చేతికొచ్చిన జంట కూడా మళ్ళీ ఏదో ఒక గేటు తట్టాల్సిందే.

ఈ పత్రిక చదివే ఇళ్ళలో పై వాటా అద్దెకిచ్చేవాళ్ళు ఎంతోమంది ఉంటారు. మీ దగ్గరికి అలా ఇద్దరు వస్తే ఉద్యోగం ఎక్కడో అడగండి, ఆధార్ చూడండి, అద్దె ఏ తేదీకి ఇస్తారో తేల్చుకోండి. అగ్రిమెంటు మీద ఇద్దరి పేర్లూ రాయండి. ఏమవుతారని మాత్రం అడక్కండి.