బురదలో సైకిలు పందెం

పిల్లలూ! వానాకాలంలో నల్లరేగడి పొలంలో మీరెప్పుడైనా నడిచారా? పది అడుగులు వేసేసరికి చెప్పుల కింద మరో జత చెప్పులు మొలుస్తాయి. ఇంకో పది అడుగులు వేస్తే కాలే లేవదు. ఆఖరుకు చెప్పులు చేతబట్టుకుని ఉత్తకాళ్లతో నడవవలసిందే. అటువంటి బురదలో, అదీ కొండమీద, గంటన్నరసేపు సైకిలు తొక్కమంటే ఏమంటారు? "ఎవరైనా తొక్కుతారా, మాస్టారూ?" అంటారు. తొక్కుతారు. పందెం వేసుకుని మరీ తొక్కుతారు!

దీనిని కొండ సైకిళ్ల పందెం అందాం. 1996లో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనిని మొదటిసారి చేర్చారు. మన దేశానికీ ఇది కొత్త కాదు. 2023 అక్టోబరులో ఆసియా ఖండపు పోటీలు కేరళలోని పొన్ముడి కొండమీదనే జరిగాయి.

పందెం పద్ధతి ఇది. అడవిలోనో కొండవాలులోనో నాలుగైదు కిలోమీటర్ల బాట ఒకటి ఏర్పరుస్తారు. ఎక్కుడు, దిగుడు, రాళ్లు, చెట్ల వేళ్లు అన్నీ అందులో వుంటాయి. ఆ బాటను కొన్ని చుట్లు తిరిగి రావాలి. ఏ సైకిలుతో బయలుదేరితే ఆ సైకిలుతోనే గమ్యం చేరాలి. చక్రం పాడైతే అందుకని కేటాయించిన చోట మార్చుకోవచ్చు. సైకిలును మాత్రం మార్చకూడదు. దారిలో దిగి నెట్టుకుంటూ పోయినా, భుజాన మోసుకుపోయినా తప్పు లేదు. ఈ చివరి నియమం జ్ఞాపకం పెట్టుకోండి, దానితో మనకు పని వుంది.

ముందు బురద సంగతి చూద్దాం. ఇసుక తడిసినా చక్రానికి అంతగా అంటుకోదు. బంకమట్టి అంటుకుంటుంది. ఎందుకని? బంకమట్టి రేణువులు అతి చిన్నవి. మిల్లీమీటరును ఐదువందల భాగాలు చేస్తే, అందులో ఒక భాగం కంటే కూడా చిన్నవి! పైగా అవి గుండ్రంగా వుండవు, రేకుల్లాగా పలచగా వుంటాయి. రేకుకూ రేకుకూ నడుమ సన్నని నీటిపొర చేరితే అవి ఒకదానినొకటి పట్టుకుంటాయి, తగిలిన టైరునూ పట్టుకుంటాయి. మరి నీరు ఇంకా ఎక్కువైతే? రేకులు దూరదూరంగా జరిగిపోయి, బురద జావలాగా కారిపోతుంది. మీ అమ్మగారు చపాతీల పిండి కలిపేటప్పుడు గమనించండి. నీళ్లు కాస్త ఎక్కువైతే పిండి వేళ్లకు అతుక్కుంటుంది, మరీ ఎక్కువైతే జారిపోతుంది. కనుక సైకిలువాడికి జోరువానలో వుండే బురద కంటే, వాన వెలిసి సగం ఆరిన బురదే పెద్ద శత్రువు.

ఈ శత్రువు కోసం టైర్లు కూడా వేరు. పైన రబ్బరు బొడిపెలు పొడుగ్గా, ఎడం ఎడంగా వుంటాయి. చక్రం తిరిగేకొద్దీ నడుమ చేరిన మట్టి ఎగిరి పడిపోవాలని ఆ ఏర్పాటు. గాలి కూడా గట్టిగా కొట్టరు. మెత్తగా వున్న టైరు నేలమీద వెడల్పుగా పరచుకుని, రాళ్లనూ వేళ్లనూ పట్టుకుంటుంది.

ఇప్పుడు మీరే పందెంలో వున్నారనుకోండి. ఎదురుగా ఎక్కుడు. లేచి నిలబడి బలమంతా పెడలు మీద వేయాలని బుద్ధి పుడుతుంది. వేశారా, వెనక చక్రం వున్నచోటనే గిర్రున తిరుగుతుంది, సైకిలు కదలదు. సీటు వదలకుండా, ముందుకు కాస్త వంగి, కుదుపు లేకుండా సమంగా తొక్కాలి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టకూడదు. అడ్డంగా తడిసిన వేరు వస్తే దానిని ఏటవాలుగా కాక సూటిగా దాటాలి. ఇంతలో చైనుకూ పళ్లచక్రాలకూ మట్టి పట్టి కరకరలాడుతుంది. కిలోల కొద్దీ మట్టి సైకిలుకు చేరుతుంది. తొక్కడమా, దిగడమా? చక్రం ఆగిపోయి పక్కకు పడిపోయే దాకా తొక్కేవాడికి రెండు నష్టాలు: బలమూ పోతుంది, కాలమూ పోతుంది. సైకిలు ఇంకా కదులుతూ వుండగానే దిగి, ఆ వేగంతోనే పరుగెత్తేవాడు అతనిని దాటిపోతాడు. మోయడంలో ఇంకో లాభం వుంది. భుజాన వున్న చక్రం నేలమీద దొర్లదు కనుక కొత్త మట్టి అంటదు.

2020 అక్టోబరులో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు ఇదే జరిగింది. బాట అంతా బురదమయం. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్లు ఎక్కుళ్లలో దిగి, సైకిళ్లు పట్టుకుని పరుగెత్తారు. ఆడవారి పందెంలో ఫ్రాన్సు దేశపు పోలీన్ ఫెరాన్-ప్రెవో గెలిచింది; ఇటలీకి చెందిన ఎవా లెక్నర్ రెండవది. వీరిద్దరూ అంతకు పూర్వమే "సైక్లో-క్రాస్" అనే మరో రకం పందెంలో పేరు పొందినవారు. ఆ పందెంలో మాటిమాటికీ దిగడం, సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తడం, మళ్లీ ఎగిరి కూర్చోవడం మామూలే. పోలీన్ 2015లో అందులోనూ ప్రపంచ విజేత.

అయితే బురద అన్నివేళలా ఒకే తీరున వుండదు కదా! మరుసటి ఏడు, 2021 జూలైలో, జపానులోని ఇజులో ఒలింపిక్ పందెం జరిగింది. ముందు కురిసిన వానకు బాట తడిసింది. ఇక్కడ అడుసు కాదు, రాళ్లమీద పలచని జారుడు పొర. మొదటి చుట్టులోనే ఒక రాళ్ల చోట పోలీన్ పట్టు తప్పి వెనకబడిపోయింది. స్విట్జర్లాండుకు చెందిన యోలాండా నెఫ్ ముందుకు దూసుకుపోయి, రెండవ ఆమె కంటే ఒక నిమిషం పదకొండు సెకన్లు ముందుగా గెలిచింది. రెండవ, మూడవ స్థానాలు కూడా ఆ దేశానివే. ఈ యోలాండా 2019 డిసెంబరులో సైకిలు మీదనుంచి పడితే ప్లీహం చిట్లింది, పక్కటెముక విరిగింది, ఊపిరితిత్తికి కూడా దెబ్బ తగిలింది. ఒలింపిక్సుకు కొద్దివారాల ముందు చెయ్యి కూడా విరిగింది. అయినా జారే రాళ్లమీద చెయ్యి వణకలేదు. పోలీన్ కూడా వూరుకోలేదు. 2024లో పారిస్ ఒలింపిక్సులో బంగారు పతకం తెచ్చుకున్నది.

ఇంకొక్క సంగతి తల్లిదండ్రులు కూడా చదవాలి. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బురదలో ఇటువంటి పందెం జరిగిన తరువాత, రెండు వందల మందికి పైగా పోటీదారులకు విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యులు విచారించగా కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి పని అని తేలింది. ఇది జంతువుల పేడలో వుంటుంది. ముందు చక్రం చిమ్మిన బురద పందెంవాళ్ల నోళ్లలో పడింది. నీళ్లసీసా మూతి మీద కూడా బురద చింది వుండదా? మన పల్లెబాటల్లో పశువులు నడవని బాట ఏది? అందుచేత ముందు చక్రానికి మడ్‌గార్డు వుండాలి, సీసా మూతికి కప్పు వుండాలి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏదీ తినకూడదు.

తరువాత సైకిలు సంగతి. మట్టి ఎండకముందే కడగాలి, ఎండితే ఇటుకే. గొట్టంతో నీళ్లు జోరుగా ఇరుసుల మీదకు కొట్టకండి, లోపలి బాల్సుకు నీరు చేరి తుప్పు పడుతుంది. బక్కెట్టు నీళ్లు, పాత గుడ్డ, పాత పళ్లబ్రష్షు చాలు. చైను పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్కలు వేసి, పెడలు వెనక్కి పది చుట్లు తిప్పండి. కరకర చప్పుడు ఇంకా వస్తుంటే లోపల మట్టి మిగిలి వుందన్నమాట, మళ్లీ తుడవండి.