కోడిపుంజు కూతలోని రహస్యం

సంక్రాంతి సమీపిస్తే జెబెల్ అలీలోని తెలుగు ఇళ్లలో పెరటి పుంజు ప్రస్తావన రాక మానదు. "ముదురు పుంజు ఎంతకీ ఉడకదెందుకు?" అని పిల్లలడిగితే ఏమి చెప్పాలి?

సమాధానం పుంజు వృషణాలలో ఉన్నది. అవి లోపల, వెన్నెముక కింద, మూత్రపిండాల చెంత ఉంటాయి. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు పుంజుపిల్లలపై ప్రయోగం చేశాడు. వృషణాలు పూర్తిగా తీసినవాటికి తురాయి ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాడే గుణం కలగలేదు. వృషణాన్ని కడుపులో మరొకచోట అమర్చినవి మాత్రం మామూలు పుంజులయ్యాయి. నాడుల బంధం తెగినా ప్రభావం నిలిచినందున అది రక్తం ద్వారా సాగుతున్నదని ఆయన గ్రహించాడు. ఆ ప్రభావానికి మూలమైన హార్మోనునే నేడు టెస్టోస్టిరాన్ అంటున్నాము.

మన రైతు ఎద్దుకు విత్తుకొట్టినట్లే, ఐరోపా రైతులు పుంజుకు వృషణాలు తీసి పెంచారు. అటువంటి పుంజే 'కేపన్'. దాని కండలో కొవ్వు చేరి మాంసం మెత్తబడుతుంది.

కాని ఇందుకు పక్కటెముకల మధ్య కోయవలసి ఉంటుంది. పక్కనే పెద్ద రక్తనాళాలు! చేయి తడబడితే పక్షి మరణిస్తుంది. ముక్క మిగిలితే మళ్లీ పెరుగుతుంది. మత్తు లేకుండా చేస్తే అది హింసే. బ్రిటన్ ఈ పద్ధతిని నిషేధించింది.

స్వగ్రామంలో పెరటి కోళ్లు పెంచదలచినవారు కత్తి పట్టనవసరం లేదు. పుంజు కూత నేర్చే నాలుగైదు నెలల వయసులోనే వండుకుంటే మాంసం లేతగానే ఉంటుంది. బ్రాయిలరు మెత్తదనానికీ కారణం ఆ లేత వయసే.