ఆత్మరక్షణ మెచ్చట ముగియును?

అల్లరి జరిగిన మఱునాడు ఊరిలో రెండు కక్ష లేర్పడుట మన మెఱిగినదే. కాలిన బస్సును, పగిలిన దుకాణములను చూచినవారు, తుపాకులు ముందుగనే పేలియుండిన ఇంత నష్టము వచ్చెడిది కాదందురు. లాఠీదెబ్బలు తిన్నవారి బంధువులు, మొఱ వినువాడు లేనప్పుడు వేఱు మార్గ మేమున్నదందురు. కొంతసేపటికి ఇరుపక్షములవారును ఒకే మాటను పట్టుకొందురు. ఆ మాట ఆత్మరక్షణము. రాయి విసరినవాడును ఆ మాటయే పలుకును. మిద్దెమీదినుండి తుపాకి పేల్చినవాడును ఆ మాటయే పలుకును. ఒక్క మాట ఇన్ని పనులకు ముసుగైనప్పుడు దాని పొలిమేరలను చదువరుల ముందుంచుట అవసరము.

1860వ సంవత్సరపు ఇండియను పీనల్ కోడు 96 మొదలు 106 వఱకు గల సెక్షనులలో ఈ హక్కును వివరించెను. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ కోడును తొలగించినను, ఈ భాగమును మాత్రము 34 మొదలు 44 వఱకు గల సెక్షనులలో స్వల్పమైన మార్పులతో నిలుపుకొన్నది. తన దేహమునే కాక పరుని దేహమును, తన సొత్తునే కాక పరుని సొత్తును కాపాడుటకు ఎల్లరకును హక్కు కలదు. ప్రాణభయము సహేతుకముగ కలిగినప్పుడు ఎదిరిని చంపినను నేరము కాదు. కాపురముండు ఇంటికి నిప్పు పెట్టువాని విషయమునను అంతే. ఒక గుంపు ఒకని చంపుటకు మీదపడినది. కాల్పనిదే ప్రాణము దక్కదు. కాల్చినచో గుంపులో కలిసియున్న పసిపిల్లలకు దెబ్బ తగులవచ్చును. అట్టి స్థితిలో కాల్చినవాడు నేరస్థుడు కాడని శాసనకర్తలే ఉదాహరణ మిచ్చియున్నారు. మన శాసనము పిఱికితనమును నేర్పుచున్నదని వాపోవువారు ఈ ఉదాహరణమును ఒకమాఱు చదువుట మంచిది.

అయితే ఇంతటి హక్కునకు కట్లును కలవు. అధికారుల రక్షణను కోరుటకు వ్యవధి యున్నచో ఈ హక్కు లేదు. అవసరమునకు మించిన హాని చేయుటకు హక్కు ఎన్నడును లేదు. దేహరక్షణ విషయమున భయముతోడనే హక్కు పుట్టును. భయము తొలగినతోడనే అదియును తొలగును. ఆపదలో చిక్కినవాడు తన దెబ్బను లెక్కగట్టి కొట్టజాలడని 2010లో దర్శన్ సింగు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు ఒప్పుకొన్నది. ఆ ఉదారత భయపడినవాని పట్లనే గాని, పగ తీర్చుకొనువాని పట్ల కాదు. గుంపున కన్ననో ఇట్టి అంచు లేదు. ఐదుగురు లేక అంతకు మించినవారు దురుద్దేశముతో గుమిగూడినచో అది శాసనవిరుద్ధ సమావేశము. ఆ ఉద్దేశసాధనమునకై ఒకడు చేసిన నేరము తక్కినవారందఱి మెడకును చుట్టుకొనును. "నేను ఊరక వెంట నడచితిని" అను సమాధానము న్యాయస్థానమున నిలుచుట కష్టము.

పుస్తకములో ఇంత స్పష్టముగ నున్న సంగతి పల్లెపట్టున ఎట్లు పరీక్షకు వచ్చునో చూడవలెనన్న మనము దూరదేశములకు పోనక్కఱలేదు. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణమున జరిగిన పోరాటమును మించిన తార్కాణము దొరకదు. బ్రిటిషు ఇండియా కోడు నైజాము రాజ్యమునకు చెందినది కాదు. కాని న్యాయమును తూచు తక్కెడ ఇరుచోట్లను ఒక్కటియే.

అక్కడి గ్రామములలో దేశముఖుల గడీయే కచేరి, గడీయే ఠాణా. వెట్టి చేయనన్న కుటుంబము ఎవరితో మొఱపెట్టుకొనవలెను? విసునూరు దేశముఖుపై అమీనునకు ఫిర్యాదు చేసిన రైతు, ఆ అమీను దేశముఖు ఇంటనే విడిది చేయుట చూచి మరలి రావలసిన రోజులవి. పాలకుర్తి చాకలి ఐలమ్మ పండించిన పంటను ఎత్తుకొనిపోవుటకు ఆ దేశముఖు మనుష్యులు వచ్చినప్పుడు సంఘపు వాలంటీరులు అడ్డు నిలిచి పంటను ఆమె యింటికి చేర్చిరి. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో సంఘపువారి ఊరేగింపు గడీ చెంతకు రాగా తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య నేలకొఱిగెను. అప్పటికి రైతుల చేతులలో నున్నవి కఱ్ఱలు, వడిసెలలు. స్త్రీలు కారపుపొడితో, రోకళ్లతో నిలిచిరి. భూస్వాములైన మా చదువరులకు ఈ కథ చేదుగా తోచవచ్చును. అయినను తమ గాదెకు కావలి పెట్టుకొను హక్కు ఎట్టిదో, ఐలమ్మ కళ్లమునకు కావలి నిలుచు హక్కును అట్టిదే గదా! శాసనము ఎకరములను లెక్కించి హక్కును పంచిపెట్టదు.

తరువాత కాశిం రజ్వీ నాయకత్వమున రజాకారులు ఊళ్లపై పడిరి. 1948 నాటికి పెక్కు గ్రామములు బురుజులపై కావలివాండ్ర నుంచి, డప్పు మ్రోగినంతనే గుమిగూడు ఏర్పాట్లు చేసికొనినవి. సిద్దిపేట ప్రాంతపు బైరాన్‌పల్లివారు రజాకారుల దాడిని ఒకమాఱు కాదు, పలుమాఱులు త్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27వ తేదీన రజాకారులు నైజాము బలగములతో కూడి వచ్చి ఆ యూరిని చుట్టుముట్టిరి. బురుజు కూలక నిలిచినది గాని ఊరు నిలువలేదు. పట్టువడినవారిని వరుసగ నిలిపి కాల్చిరి. ఇచ్చట అధికారుల రక్షణను కోరలేదేమని అడుగువాడుండునా? కాల్చినవారిలో అధికారులును ఉండిరి. సాయుధమైన ఆత్మరక్షణమునకు ఇంతకంటె నిర్మలమైన ఉదాహరణము మాకు తోచదు.

ఈ కథను ఇచ్చట ఆపి చప్పట్లు కొట్టుట సులువు. అసలు చిక్కు మఱుసటి నెలలో వచ్చినది. సెప్టెంబరు 13వ తేదీన భారత సేనలు సంస్థానమున ప్రవేశించినవి; 17వ తేదీన నైజాము లొంగెను; రజాకారు దళములు చెదరినవి. ఏ భయమునకై తుపాకి పట్టిరో ఆ భయము తొలగినది. అయినచో తుపాకిని దించవలెనా, వలదా?

ఈ ప్రశ్నపై ఆ పోరాటము నడపినవారిలోనే తీవ్రమైన వాదము చెలరేగెను. రావి నారాయణరెడ్డి, జనులు పోరాడినది నైజాముతోను రజాకారులతోను గాని నూతన ప్రభుత్వముతో కాదనియు, ఇక సాయుధపోరాటమును కొనసాగింపరాదనియు పట్టుబట్టెను. పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు ప్రభృతులు, సేనలు వచ్చి భూములను తిరిగి దొరలకే అప్పగించుచున్నవి గాన పంచుకొన్న భూమిని నిలుపుకొనుటయు రక్షణమే యని వాదించిరి. ఆ మాటలో పస లేదని మేమనము. సేనల వెనుకనే దేశముఖులు ఊళ్లకు మరలివచ్చిన మాట వాస్తవము. అయినను 1949లో జాగీర్దారీ విధానము రద్దయ్యెను. 1950లో కౌలుదారీ శాసనము వచ్చెను. చెవియొగ్గు ద్వారము, ఇఱుకైనను, తెఱచుకొన్నది. ద్వారము తెఱచిన పిదప గోడకు కన్నము వేయుటకు రక్షణమను పేరు చెల్లునా? దళములు నల్లమలకును గోదావరి యడవులకును తరలిపోగా, ఊళ్లలోనివారు ఇరువైపులనుండి దెబ్బలు తినిరి. పోరాటము మొత్తము మీద నాలుగువేలమంది వఱకు అసువులు బాసిరని సుందరయ్యయే తన గ్రంథమున వ్రాసెను. 1951 అక్టోబరు 21వ తేదీన పోరాటమును విరమించుచున్నట్లు ప్రకటన వెలువడెను. కొలది నెలలకే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూపండితునికంటె అధికముగ వోట్లు వేసి పార్లమెంటునకు పంపిరి. మూడేండ్లు ఆలస్యముగ నైనను ఆయన వాదమునకు తీర్పు దొరకినది.

ఈ సందర్భమున మఱియొక సంగతిని దాచుట తగదు. పోలీసుచర్య కాలమునను ఆ తరువాతను సంస్థానమున ముసల్మానులపై జరిగిన హత్యాకాండను విచారించుటకు పండిత సుందరలాలు ప్రభృతులను ప్రభుత్వము పంపెను. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపడినవనియు, మృతుల సంఖ్య 27,000 మొదలు 40,000 వఱకు ఉండవచ్చుననియు వారు అంచనా వేసిరి. ఆ నివేదిక అఱువది యేండ్లకు పైగా బీరువాలలో మ్రగ్గి 2013లో గాని పాఠకులకు అందుబాటులోనికి రాలేదు. రజాకారులు చేసిన దుండగములకు ఇది బదులని నాడు అన్నవారు కలరు. నేడును అనువారు కలరు. చచ్చినవారిలో ఎందఱు రజాకారులు? ఇరుగుపొరుగున నేతనేయువాడును, దూదేకువాడును ఎవరి ఊరిపై దాడి చేసిరి? బైరాన్‌పల్లి బురుజుపై నిలిచినవాని పేరును ఇట్టి పనికి అరువు తెచ్చుకొనుటకంటె ఆ వీరునికి అవమానము వేఱొకటి లేదు. పొరుగువారైన ముసల్మానులను కాపాడిన హిందువులు కలరని ఆ నివేదికయే చెప్పుచున్నది. పరుని దేహమును కాపాడు హక్కును శాసనము మాటలో వ్రాయగా వారు చేతలో చూపిరి.

ఇక అల్లరుల ప్రయోజనము మాట. ఆంధ్రులతో ఈ విషయము చర్చించునప్పుడు 1952 డిసెంబరు అడ్డువచ్చును. పొట్టి శ్రీరాములు అక్టోబరు 19వ తేదీన చెన్నపట్టణమున నిరశనము పూని 58 దినములు కృశించి డిసెంబరు 15వ తేదీ రాత్రి మరణించెను. అంతట సర్కారు జిల్లాలలోను నెల్లూరులోను జనులు రైళ్లపైబడిరి. ప్రభుత్వపు ఆస్తులు ధ్వంసమైనవి. పోలీసు కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. 19వ తేదీన నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ప్రకటించెను. యాబదియెనిమిది దినముల ఉపవాసమునకు కదలని ఢిల్లీ నాలుగు దినముల అల్లరికి కదలినదని, కావున అల్లరియే సాధనమని, నాటినుండి ప్రతి ఉద్యమమునను ఎవడో యొకడు చెప్పుచునే యున్నాడు.

ఈ లెక్కలో ఒక తప్పు కలదు. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్రోద్యమమును, 1949లో జవహర్‌లాలు, వల్లభభాయి, పట్టాభిల సంఘము ఆంధ్రుల కోర్కెను సూత్రప్రాయముగ అంగీకరించుటను, 1951లో స్వామి సీతారాము ముప్పదియైదు దినముల నిరశనమును, నాటి ఎన్నికలలో కాంగ్రెసునకు తగిలిన దెబ్బను లెక్కకు తీసికొనక చివరి నాలుగు దినములను మాత్రమే కూడినచో మొత్తమెట్లు సరిపోవును? పండు పండినది చెట్టుమీదనే. కొమ్మ విఱిచినవాడు తానే పండించితినని చెప్పుకొనుచున్నాడు. కాని ఆ అపోహను నాటినది ఎవరు? 1949లోనే ఒప్పుకొన్నదానిని చెన్నపట్టణపు తగాదాను సాకుగ చూపి మూడేండ్లు నాన్చి, శవము లేచిన పిదప నాలుగు దినములలో ఇచ్చిన ప్రభుత్వమే. అడిగినప్పుడు ఈయక తగులబెట్టినప్పుడు ఇచ్చు దొరతనము తగులబెట్టుటకు తానే పాఠశాల పెట్టినట్లు. కాల్పులలో మడిసిన యువకులు ఆ పాఠమునకు చెల్లించిన రుసుము ఎవరి ఖాతాలో వ్రాయవలెను?

తుదకు ఆయుధముల మాట. 1878 నాటి ఆయుధ శాసనమును మన నాయకులు జాతికి జరిగిన పరాభవముగ ఎంచిరి. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానము, నియమములకు లోబడి ఆయుధములు దాల్చు హక్కును పౌరహక్కులలో చేర్చెను. అయినను 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్. వి. కామత్ ఆ హక్కునే కోరగా అంబేద్కరు అంగీకరింపలేదు. హక్కుగా నిచ్చినచో దుండగీడును దానినే చూపునని ఆయన భయము. రాజ్యాంగమున మిగిలినది శాంతియుతముగ, ఆయుధములు లేక, సమావేశమగు హక్కు మాత్రమే. 1959 శాసనము లైసెన్సు పద్ధతిని నిలుపుకొన్నది. 2019 సవరణము ఒకనికి మూడు తుపాకుల నుండి రెంటికి తగ్గించెను. మేము అంబేద్కరుతో ఏకీభవింతుము. రజాకారుల చేతిలో ఆయుధములకు కొఱత యుండలేదన్న సంగతి మఱచుటకు వీలులేదు.

కాని గృహస్థుని చేతిలోని తుపాకిని రాజ్యము తీసికొన్నప్పుడు వేళకు రావలసిన అప్పు దానిపై పడినది. ఆ అప్పు తీఱుచున్నదా? అల్లరులలో ఆస్తినష్టమును గూర్చి సుప్రీముకోర్టు తానై చేపట్టి, 2009 ఏప్రిల్ 16వ తేదీన, ప్రతివాదులలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును ముందుంచుకొన్న వ్యాజ్యెమున తీర్పు చెప్పెను. నష్టపరిహారమునకు దుండగీండ్రతోపాటు ఆ కార్యమును ఏర్పాటు చేసినవారును బాధ్యులని నిర్ణయించెను. నాయకులకు గుణపాఠము సరియే. మఱి అధికారుల మాట? ప్రతి అల్లరి తరువాతను ప్రభుత్వము రెండు గడియలను ప్రకటింపవలెనని మా కోరిక: ఠాణాకు తొలి మొఱ అందినది ఏ గంటకు, బలగము బయలుదేఱినది ఏ గంటకు. జిల్లాల వారీగ, ఏడాది తిరుగకముందే ప్రకటింపవలెను. సుందరలాలు నివేదికవలె అఱువది యేండ్లు ఆగుటకు ఇంటిగలవానికి ఓపిక లేదు.