దీపం వెలిగినా సమాచారం సాగనప్పుడు

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా పరిసరాలు వస్త్ర పరిశ్రమకు నెలవు. తెలంగాణ నుండి తరలివచ్చిన నేత కుటుంబాలెన్నో సూరత్ ప్రాంతంలో స్థిరపడినవి. పడుగు నిండుగా ఉండి మగ్గం ఆడుతున్నా, పేక అందకపోతే బట్ట రాదన్న సంగతి ఆ ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. కంప్యూటరు వాడేవారికి ఎదురయ్యే ఒక చిక్కు సరిగ్గా ఇటువంటిదే. నెట్‌వర్కు కార్డుపై చిన్న దీపం వెలుగుతుంది. అనుసంధానం కుదిరినదని తెర చెబుతుంది. కాని ఒక్క ఉత్తరం పోదు, ఒక్క పత్రం రాదు. కార్యాలయంలో జీతాల పట్టీ నిలిచిపోతుంది. ఇంటిలో పిల్లల పరీక్ష దరఖాస్తుకు గడువు దాటిపోతుంది.

కార్డు చెడిపోయినదని వెంటనే క్రొత్తది కొనడం తొందరపాటు. ఆ దీపం చెప్పేది ఒక్కటే: తీగకు రెండు చివరలనున్న స్విచ్చి, కార్డు ఒకదానినొకటి గుర్తించాయి. సమాచారం నడుస్తున్నదని దాని అర్థం కాదు. కనుక ఒక క్రమంలో పరిశీలించవలసినదిగా పాఠకులకు మేము సూచిస్తున్నాము.

మొదట పంపిన, అందిన ప్యాకెట్ల సంఖ్యలు చూడాలి. పంపినవి పెరుగుతూ, అందినవి సున్నాగా ఉంటే తీగను, స్విచ్చిలోని రంధ్రాన్ని, దానికి కేటాయించిన విభాగాన్ని అనుమానించాలి. అదే తీగకు మరొక కంప్యూటరు తగిలించినప్పుడు పని సాగితే, దోషం మొదటి యంత్రంలోనే ఉన్నదని గ్రహించవచ్చు.

రెండవది ఐ.పి. చిరునామా. అది 169.254తో మొదలైతే, చిరునామాలు పంచే సర్వరు నుండి జవాబు రాక యంత్రం తనకు తానే ఒక సంఖ్యను పెట్టుకున్నదన్నమాట. వేరొక కార్యాలయం నుండి తెచ్చిన యంత్రమైతే పాత చిరునామాయే నిలిచి ఉండవచ్చు.

మూడవది 'పింగ్' పరీక్ష. 1983లో మైక్ మూస్ రచించిన ఈ చిన్న ప్రోగ్రాము నేటికీ ఉపకరిస్తున్నది. 127.0.0.1 పలికితే లోపలి సాఫ్ట్‌వేరు బాగున్నదని మాత్రమే తెలుస్తుంది, కార్డు సంగతి తేలదు. పిమ్మట గేట్‌వేను, ఆపై బయటి చిరునామాను సంఖ్యతో, చివరకు పేరుతో పలకరించాలి. సంఖ్య పలికి పేరు పలకకుంటే లోపం పేర్లను సంఖ్యలుగా మార్చే డి.ఎన్.ఎస్. ఏర్పాటులో ఉన్నట్లు. రక్షణ కొరకు ఉంచిన ఫైర్‌వాల్ సైతం జవాబును అడ్డగించవచ్చునని మరువరాదు.

పింగ్ పలుకుతున్నా పెద్ద పత్రాలు నత్తనడక నడిస్తే, రెండు చివరల డ్యూప్లెక్స్ అమరికలు పొసగలేదేమో చూడాలి. ఒకవైపు పూర్తి డ్యూప్లెక్స్‌గా బిగించి, రెండవవైపు స్వయంనిర్ణయానికి వదిలితే పాత పరికరాలలో ఈ వైరుధ్యం తరచు కలుగుతుంది. రెండువైపులా ఒకే అమరిక ఉంచడమే దీనికి విరుగుడు. కార్డును నడిపే డ్రైవరును తిరిగి స్థాపించడం ఆ తరువాతి మాట.

ఒక పర్యాయం ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితాన్ని పుస్తకంలో వ్రాసుకొనడం శ్రేయస్కరం. ఇన్ని పరీక్షలకూ లొంగనప్పుడే క్రొత్త కార్డు మాట తలపెట్టాలి. ఈ పాటి ఓర్పు వలన ప్రజాధనం మిగులుతుంది. తరువాత అదే చిక్కు ఎదురైన సహోద్యోగికి ఆ పుస్తకమే దారి చూపుతుంది.