గిన్నె అడుగు రుచి

ఉప్పుడుపిండి వడ్డిస్తున్నంతసేపూ పిల్లలు నెమ్మదిగానే ఉంటారు. గరిటె గిన్నె అడుక్కి తగిలి గరగరమందో, కంచాలన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి. "మాడు నాకు!" అంటే "నాకు!" అని. ఎర్రగా కాలి, గిన్నెను కరుచుకుని, అట్లకాడతో గీకితే తప్ప ఊడిరాని ఆ చెక్కకు పైనున్న పిండికంటే గిరాకీ ఎక్కువ.

కోస్తాలో చాలా ఇళ్లలో శనివారం రాత్రి అన్నం మానేసినవాళ్లకు ఇదే ఫలహారం. బియ్యపు రవ్వ, గుప్పెడు పెసరపప్పు, కరివేపాకుతో పోపు, రవ్వకు సుమారు రెండింతల నీళ్లు. సరుకులు ఇంతే. పాత్ర మాత్రం మందపాటి ఇత్తడి గిన్నె కావాలి. నీళ్లు ఇగిరాక మూతపెట్టి, సన్నని సెగమీద వదిలేసి, కలపకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. కలిపితే మాడు కట్టదు. పక్కన మాగాయ ఉంటే ఇంకేమీ అడగరు.

తెలంగాణలో ఈ అడుగు రుచికి ఏకంగా పాత్ర పేరే పెట్టారు. సర్వలో కాల్చేది సర్వపిండి. గిన్నెలో కాల్చితే గిన్నప్ప, తపేలాలో అయితే తపాల చెక్క. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కరివేపాకు కలిపి తడుపుతారు. గోధుమపిండికి ఉండే సాగుడు బియ్యప్పిండికి లేదు. అప్పడాల కర్రతో ఒత్తబోతే పగుళ్లిస్తుంది. అందుకే నూనె రాసిన సర్వలో ముద్ద పెట్టి, తడిచేత్తో అడుగునా అంచులమీదికీ పలచగా అద్దుతారు. ఆపైన వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి, ఒక్కోదాంట్లో చుక్క నూనె వేస్తారు. చిల్లులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, పెట్టింది అందంకోసం కాదు. నూనె పిండి కిందికి దిగాలన్నా, కింది ఆవిరి బయటికి పోవాలన్నా అదే దారి.

మొదటిది దించాక చిక్కొకటుంది. కాలుతున్న సర్వలో రెండో ముద్ద ఎలా అద్దడం? సర్వను బోర్లించి, వెనకవైపు నీళ్లు పోసి చల్లార్చి మళ్లీ మొదలుపెడతారు. ఇంట్లో జనం ఎక్కువైతే రెండు సర్వలు దించుకుని ఒకటి పొయ్యిమీద, ఒకటి చేతిలో.

గోదావరి జిల్లాల దిబ్బరొట్టెకు ఇంకా ఓపిక కావాలి. మినప్పిండిలో రెండింతలు బియ్యపు రవ్వ, జీలకర్ర, ఉప్పు కలిపి మందపాటి మూకుట్లో ఒక్కసారే పోస్తారు. అంగుళం పైన మందం. మంట పెంచితే అడుగు నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పూర్వం పొయ్యిలో నిప్పులు కాసిని తీసి మూతమీద కూడా పోసేవారు, పైనుంచీ కిందినుంచీ ఒకేలా కాలాలని. ఇనప మూకుడు నిదానంగా వేడెక్కినా, ఎక్కిన వేడిని నిలుపుకుంటుంది. ఈ రొట్టెకు కావలసిన గుణం అదే. పైన కరకర, లోపల ఇడ్లీలా మెత్తన. చెరకు పానకంలో ముంచుకుని తినేవాళ్లకు పచ్చడి గుర్తుకు రాదు.

ఒకే పిండిని ఇడ్లీగా ఆవిరిమీద ఉడికిస్తే తెల్లగా ఉంటుంది, మూకుట్లో పోస్తే ఎర్రబడుతుంది. తేడా అంతా నీళ్లది. తడి ఉన్నంతసేపూ పిండి వేడి 100 డిగ్రీలు దాటదు. అడుగున తడి ఆరిపోయి, వేడి 140 డిగ్రీల దరిదాపులకు చేరాక పిండిలోని చక్కెరలూ, మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ వేగంగా కలిసి కొత్త రంగు, కొత్త వాసనలు పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయ్యార్ 1912లో ఈ చర్యను వివరించాడు. బ్రెడ్డు పైచెక్కుకూ, వేయించిన కాఫీ గింజకూ ఆ కమ్మదనం వచ్చేది ఇలాగే. మినప్పప్పులోనూ పల్లీల్లోనూ మాంసకృత్తులు దండిగా ఉన్నాయి కాబట్టి మన రొట్టెలకు ఆ రంగు మరింత బాగా పడుతుంది.

ఈ అడుగు రుచిమీద మోజు మనకొక్కరికే కాదు. ఇరాన్‌వాళ్లు అన్నం అడుగున కట్టే చెక్కను తహ్‌దీగ్ అంటారు, అంటే గిన్నె అడుగు అనే. అతిథులకు దాన్ని ప్రత్యేకంగా వడ్డిస్తారు.

అయితే ఎరుపు దాటి నలుపు కానివ్వకూడదు. పిండిపదార్థాలను 120 డిగ్రీలకు మించి వేయించినా కాల్చినా యాక్రిలమైడ్ అనే హానికర పదార్థం పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో వెల్లడించారు. ముదురుగా మాడేకొద్దీ అది పెరుగుతుంది. నల్లబడ్డ ముక్కను గీకి పారేయడం రుచికీ మంచిదే, ఒంటికీ మంచిదే.

సర్వపిండి చేయి తిరిగినవాళ్లు మాటిమాటికీ మూత తీసి చూడరు. మొదట్లో సర్వలోంచి జోరుగా వినిపించే చిటపట, తడి ఆరేకొద్దీ సన్నబడుతుంది. ఆ చప్పుడు తగ్గి, వేగిన నువ్వుల వాసన గుమ్మందాకా వచ్చిందంటే దించేస్తారు.