13 ఏళ్ల ఆర్‌వీ ప్రయాణాలకు సెలవు

మా ఆర్‌వీని 2024 అక్టోబరులో అమ్మేశాం. ‘అయ్యో, ఎందుకండీ? అంకుల్ చక్కగా నడుపుతారుగా!’ అని గుడిలో కనిపించిన ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకుంటున్నాను. అసలు కారణం మా పిల్లలకు కూడా చెప్పలేదు. ఇది చదివితే వాళ్లకీ తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చే ఫోన్లు మాత్రం మా ఆయనే ఎత్తాలి.

మేముండేది డాలస్ దగ్గర ప్లేనోలో. మా ఆయన 2011లో 63 ఏళ్లకు రిటైరయ్యారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటారేమో అనుకుంటే, 24 అడుగుల సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొనుక్కొచ్చారు. ముందు వ్యాను ముఖం, వెనక ఇల్లు, డ్రైవర్ నెత్తిమీద ఒక మంచం. దీన్ని క్లాస్ సి అంటారు. నడపడానికి మామూలు కారు లైసెన్సే చాలు. మా కాలనీ హెచ్‌ఓఏ వాళ్లు ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి, నెలనెలా అద్దె కట్టి స్టోరేజీ లాట్‌లో ఉంచేవాళ్లం.

మొదటిసారి అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో కాన్యన్‌కు వెళ్లాం. లోపలికి దిగే రోడ్డు 10 శాతం వాలు. దిగినంతసేపూ నేను కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం ఎర్ర కొండల మధ్య కుక్కర్ మూడు విజిల్స్ వేసేసరికి పక్క సైట్‌లోని అమెరికన్ దంపతులు గ్యాస్ లీకేమో అని పరిగెత్తుకొచ్చారు. పప్పూ అన్నం, ఆవకాయ పెట్టి పంపించాం. కుక్కర్ అంటే గుర్తొచ్చింది, ఎల్లోస్టోన్ వైపు వెళ్లేవాళ్లు అది మరచిపోవద్దు. 7,000 అడుగుల పైన నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు.

గ్లేసియర్ పార్క్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మూడడుగులు ఎక్కువైనందుకు మాది కిందే వదిలి, పాతకాలపు ఎర్ర బస్సెక్కి వెళ్లాం. ఆయన మొహం చిన్నబోయింది కానీ, ఆయన కూడా కిటికీలోంచి బయటికి చూసిన ప్రయాణం అదొక్కటే.

అందరికీ కొండలే కనిపిస్తాయి, వెనక పని కనిపించదు. క్యాంప్‌గ్రౌండ్ చేరగానే బండిని రివర్స్‌లో సైట్‌లో పెట్టాలి. చక్రాల కింద చెక్కలు పెట్టి సమం చేయాలి. నీళ్ల గొట్టం, కరెంటు తీగ తగిలించాలి. బయల్దేరేముందు ట్యాంకులు ఖాళీ చేయాలి. ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు. అలా అయితే రెండోదాని నీళ్లకు గొట్టం కడిగినట్టవుతుంది. పెళ్లయిన కొత్తలో ఒక్క కాఫీ కప్పు కూడా కడగని మనిషి ఈ పని 13 ఏళ్లు ఆయనే చేశారు.

రివర్స్ మాత్రం ఇద్దరి పని. ఆయన స్టీరింగ్ దగ్గర, నేను వెనక చేతులు ఊపుతూ. కెమెరా ఉంది. కానీ పైనుంచి వంగిన కొమ్మా, పక్కన కరెంటు పెట్టె గట్టూ అందులో సరిగ్గా కనబడవు. మిర్రర్‌లో మనిషి కనిపించకపోతే బండి ఆపెయ్యాలి, అదీ మేం పెట్టుకున్న నియమం.

2024 ఏప్రిల్‌లో న్యూ మెక్సికోలోని ఒక క్యాంప్‌గ్రౌండ్‌కు చీకటి పడే వేళకు చేరాం. పొద్దున్నుంచి డ్రైవింగే, ఇద్దరం అలసిపోయాం. నేను వెనక నిలబడి ‘రండి, రండి’ అంటున్నాను. కంకర మీద మోకాలు మెలికపడి కూలబడ్డాను. ‘ఏమండీ, ఆగండి!’ అని అరిచాను. బండి వస్తూనే ఉంది. వాకీటాకీ చేతిలోంచి ఎగిరి ఎక్కడో పడింది. ఆయన వినికిడి మిషన్ చార్జింగ్‌లో ఉందని తర్వాత తెలిసింది. ఎదుటి సైట్‌లోని ఒకాయన పరిగెత్తుకొచ్చి డ్రైవర్ తలుపు మీద దబదబా బాదాడు. బండి ఆగేసరికి బంపర్‌కూ నాకూ మధ్య రెండు జానల దూరం కూడా లేదు.

మిర్రర్‌లో కనిపించకపోతే ఎందుకు ఆపలేదని నేను అడగలేదు. ఆయనే అర్ధరాత్రి చెప్పారు. ‘నువ్వు పక్కకు తప్పుకున్నావనుకున్నా’ అన్నారు. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

అయినా వెంటనే మానేశామా అంటే, లేదు. వెనక్కి నడిపే అవసరం లేని, నేరుగా లోపలికెళ్లి అటునుంచి బయటికొచ్చే సైట్లే బుక్ చేద్దామన్నారు. అలా ఒక ట్రిప్పు వెళ్లాం కూడా. మూడో రోజు ఇరుకైన గ్యాస్ స్టేషన్‌లో వెనక్కి తీయక తప్పలేదు. నేను కిందికి దిగబోతే, ‘వద్దు, నువ్వు దిగకు’ అన్నారు. గొంతు వణికింది. పక్కనున్న ట్రక్కు డ్రైవర్‌ను బతిమాలుకున్నాం.

ఇంటికొచ్చాక టైర్లు చూశారు. వాటి పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. అరగకపోయినా ఏళ్లు పైబడితే మార్చాల్సిందే. మనుషులకూ అలా తేదీ వేసి ఉంటే బాగుండేదన్నాను. ఆయన నవ్వలేదు.

చట్టం మమ్మల్ని ఆపలేదు. టెక్సస్‌లో 79 దాటినవాళ్లు లైసెన్సు రెన్యువల్‌కు స్వయంగా ఆఫీసుకు వెళ్లాలి, 85 నుంచి రెండేళ్లకోసారి. ఆయనకప్పుడు 76. కంటి పరీక్ష బాగానే పాసవుతారు. కానీ పడమటి టెక్సస్ ఎడారిలో ఆయనకేమైనా అయితే ఆ బండిని ఎవరు నడుపుతారు? ముప్పై ఏళ్లు కారు నడిపినదాన్ని, దాని స్టీరింగ్ ఒక్కసారీ పట్టుకోలేదు. ఆయన నేర్పుతానన్నారు, నేనే ‘మీరున్నారుగా’ అన్నాను. ఆ మాటకు ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటుంటాను. 59 ఏళ్లప్పుడు నేర్చుకోవాల్సింది 72లో ఎలా నేర్చుకుంటాను?

కొనడానికి నలుగురైదుగురు వచ్చారు. చివరికి ఫ్రిస్కో నుంచి వచ్చిన ఒక తెలుగు జంట తీసుకున్నారు. ధర మాట్లాడకముందే ‘ఇద్దరూ నడుపుతారా?’ అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయి భర్తను చూసింది. మా ఆయన వాళ్లిద్దరినీ ఖాళీ పార్కింగ్ లాట్‌కు తీసుకెళ్లి, ముందు ఆ అమ్మాయినే డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టారు. తాళాలిచ్చాక స్టోరేజీ అద్దె, ఇన్సూరెన్స్ ఆగిపోయాయి. నేషనల్ పార్కుల సీనియర్ పాస్ మాత్రం మా దగ్గరే ఉంది. 62 దాటిన సిటిజన్లకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఇస్తారు, 80 డాలర్లకు జీవితాంతం చెల్లుతుంది. ఆర్‌వీ ఉన్నా లేకున్నా దానితో గేటు దాటొచ్చు. ఈ మార్చిలో కారులోనే బిగ్ బెండ్ వెళ్లి, దగ్గర్లో గది తీసుకుని ఉన్నాం. రాత్రి తొమ్మిదికి ఆయన లేచి బయట చక్రాలు చూడబోయారు. గుర్తొచ్చి వచ్చి పడుకున్నారు.

మొన్న శనివారం ఆ అబ్బాయి పాలో డ్యూరో నుంచి ఫోన్ చేశాడు. ‘అంకుల్, సైట్‌లోకి వంకరగా వస్తోంది, స్టీరింగ్ ఎటు తిప్పాలి?’

మా ఆయన స్పీకర్ ఆన్ చేశారు. ‘స్టీరింగ్ సంగతి తర్వాత. మీ ఆవిడ ఎక్కడుంది?’

‘వెనకే ఉంది అంకుల్.’

‘మిర్రర్‌లో కనిపిస్తోందా?’

అటు కాసేపు చప్పుడు లేదు.

‘లేదు అంకుల్.’

‘అయితే ఇంజిన్ ఆపి, దిగి చూడు నాన్నా’ అన్నారు.