ముక్కు ఒకే వైపు మూసుకుపోతే?

అద్దాన్ని ముక్కు కింద అడ్డంగా పట్టి, నోరు మూసుకొని గాలి వదలండి. రెండు ఆవిరి మరకలు కనిపిస్తాయి. ఒకటి చిన్నదైతే కంగారుపడకండి. ముక్కు లోపలి పొర కొన్ని గంటలకొకసారి వైపు మార్చుకుంటూ ఉబ్బుతుంది. పడిశం దిబ్బడైతే వారం పది రోజుల్లో తగ్గుతుంది.

మరి వారాల తరబడి, ఎప్పుడు చూసినా ఒకే వైపు మరక పడకపోతే? ఆ దారిలో ఏదో అడ్డు ఉందన్నమాట. ముక్కు మధ్యగోడ వంకర కావచ్చు; అరుదుగా కంతి కావచ్చు.

మీ వయసు మగపిల్లల్లో అరుదుగా వచ్చే అలాంటి కంతి యాంజియోఫైబ్రోమా. అది ముక్కు వెనుక భాగంలో పుడుతుంది. క్యాన్సర్ కాదు, నొప్పి ఉండదు. అందుకే మొదట్లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కాని దాని నిండా రక్తనాళాలే కనుక ముక్కువెంట మాటిమాటికీ రక్తం కారుతుంది. పెరిగేకొద్దీ ఎముకను తొలుచుకుంటూ కంటివైపు, మెదడువైపు పోగలదు. అప్పుడు చెంప ఉబ్బవచ్చు, కన్ను ముందుకు పొడుచుకురావచ్చు.

ముక్కువెంట రక్తం కారిన ప్రతిసారీ కంతి అనుకోనక్కరలేదు. ఎక్కువగా అది ముక్కు ముందుభాగంలోని సన్నని నాళాలు చిట్లడం వల్లనే. కాని ఒకే వైపు దిబ్బడ, దానికి తోడు మాటిమాటికీ రక్తం, ఈ రెండూ కలిస్తే ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకోవద్దు. ఇంట్లో పెద్దలకు చెప్పి చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోండి. చిన్నగా ఉండగానే కనిపెడితే శస్త్రచికిత్సతో తీసివేయడం తేలిక.